వండినింట్లో మిగలదు

“అమ్మమ్మా, నా నీడ ఏదీ?”

మే నెల రెండో వారం. పన్నెండు కావస్తోంది. విజయనగరంలో మా డాబామీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. కాకుల కాపలాకి పెట్టిన మా బుజ్జి, అదే, సెలవులకి హైదరాబాదునుంచి వచ్చిన మనవరాలు, కర్ర పక్కన పారేసి తన చుట్టూ తనే తిరుగుతూ నీడని వెతుక్కుంటోంది. నేనూ చూసుకున్నాను. నిజమే, నీడ పాదాల కిందికొచ్చి దాక్కుంది. మా ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి, సూర్యభగవానుడు సరిగ్గా నడినెత్తిమీద నిలబడతాడు. రెండోసారి మబ్బుల చాటున వచ్చి పోతాడు కనక ఎవరికీ పట్టదు. మొదటిసారి మాత్రం వడియాలు పెట్టుకునేవాళ్లకి బాగానే తెలుస్తుంది.

“ఏం ఎండలో తల్లీ! ఓజోను పొరకి చిల్లు పడిందిట కదా, అందుకే ఇలా మాడ్చేస్తున్నాయి” అన్నాను కొంగుతో మొహం తుడుచుకుంటూ. పేరంటాల్లో, పెళ్లిళ్లలో, బస్సుల్లో ఎన్నిసార్లు అన్న మాటో! ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

పన్నెండేళ్ల పిల్ల కాదంది.

“చిల్లు పడింది మనమీద కాదు అమ్మమ్మా, దక్షిణ ధ్రువం మీద. ఓజోను ఆపేది ఒంటికి హానిచేసే కిరణాల్ని. ఈ వేడికీ దానికీ సంబంధం లేదు” అని, పోనీ అక్కడితో ఊరుకుందా, లేదు. “సరేగానీ, ఓజోను తయారయ్యేది ఎండవల్లే కదా? ఎండ ఎక్కువ మనకే కదా? మరి ఓజోను మనమీదే తక్కువని పుస్తకంలో ఉందేం? చలికాలమంతా ఎండే సరిగ్గా ఎరగని కెనడా మీదా, సైబీరియా మీదా ఎక్కువట. అదెలా?”

“ముందు ఆ వడియాలు తిరగెయ్యి” అన్నాను. జవాబు తెలియని ప్రశ్నలకి మా ఇంట్లో తరతరాలుగా ఇదే జవాబు.

కానీ చెప్పొద్దూ, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఇలాకాదాన్ని. సూర్యుడి సంగతి ఆరో క్లాసు దాటిన పిల్ల అడిగితే నేను నోరు వెళ్లబెట్టడమా? అంచేత రెండు వారాలపాటు, వంటయ్యాక మధ్యాహ్నం నిద్ర మానుకుని, దొరికిందల్లా చదివాను. అర్థమైనంతమటుకు మీకూ చెబుతాను. సరుకు శాస్త్రజ్ఞులది, పోపు మాత్రం నాది.

ఓజోను అంటే మరో వింత పదార్థం కాదు. ప్రాణవాయువు పరమాణువులు రెండేసి జంటగా ఉంటే మనం పీల్చేగాలి. మూడేసి కలిస్తే ఓజోను. బాగా పైన, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు జంటల్ని విడగొడతాయి. విడిపోయిన ఒంటరిగాడు పోయి ఇంకో జంటతో కలుస్తాడు. అలా ముగ్గురవుతారు. సంసారాల్లో ఇలా జరిగితే కొంప కొల్లేరవుతుంది గానీ, ఆకాశంలో జరగబట్టే మనం బతుకుతున్నాం. ఈ ఓజోను ఎక్కువగా ఉండేది 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో.

పొర అనగానే ఏ బొంతలాంటిదో అనుకుంటాం. ఆకాశంలో ఉన్న ఓజోనునంతా పోగుచేసి నేలమీదికి దింపి పరిస్తే, దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు! పలచటి అప్పడాలు మూడు దొంతరపెట్టినంత. అదీ సగటున. మన నెత్తిమీద రెండున్నర అప్పడాలే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరాది చలిదేశాల మీద నాలుగు దాటుతుంది. మన దగ్గర ఏడాది పొడుగునా పెద్ద మార్పు కూడా ఉండదు. చలికాలంలో రవ్వంత తగ్గుతుంది, వేసవిలోనూ వానల్లోనూ రవ్వంత పెరుగుతుంది, అంతే.

ఈ కొలత కనిపెట్టినాయన డాబ్సన్. ఆక్స్‌ఫర్డులో పనిచేశాడు. మిల్లీమీటరులో నూరోవంతుని ఇప్పటికీ ఒక డాబ్సన్ యూనిట్ అనే అంటారు. 1920లలో ఆయన ఓజోనుని కొలిచే యంత్రం తయారుచేసి రోజూ చూస్తే, అది మన పాలవాడి లెక్కలా రోజుకోలా ఉంది! గాలివాటం మారితే అదీ మారుతోంది. ఇదేమిటో చూద్దామని యంత్రాల్ని దేశదేశాలకీ పంపాడు. 1928లో వాటిలో ఒకటి మన కొడైకెనాల్ కొండెక్కింది. అక్కడ తేలిందేమిటయ్యా అంటే, మా బుజ్జి అడిగిన ప్రశ్నే. ఎండ దండిగా ఉన్నచోట ఓజోను తక్కువ!

జవాబుకి దారి ఇంకోవైపునుంచి దొరికింది. 1949లో బ్రూవర్ అనే ఆయన ఒక సంగతి బయటపెట్టాడు. ఇంగ్లండు మీద విమానాల్లో ఎగిరి పైగాలిలో తేమ కొలిస్తే, ఆ గాలి ఎముకలా ఎండిపోయి ఉంది. అంత తడి ఎక్కడ పోగొట్టుకుంది? అక్కడికక్కడ ఆరడానికి ఆ చలి చాలదు. అంత తీవ్రమైన చలి ఉన్నది భూమధ్యరేఖకి అటూ ఇటూ, మనలాంటి దేశాల మీద, 16, 17 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ సున్నాకి దిగువన 80 డిగ్రీల దాకా పోతుంది. కింద మనం ఉడికిపోతుంటే పైన అంత చలి! అంటే ఆ గాలి మనవైపున పైకెక్కి, తడంతా మంచుచేసి వదిలేసి, పైదారిన ఇంగ్లండు చేరిందన్నమాట. చీరమీద పసుపు మరక చూసి, ఆవిడ ఏ వీధి పేరంటానికి వెళ్లొచ్చిందో చెప్పేవాళ్లు మనలో లేరూ? అలాంటివాడే ఈ బ్రూవరూను. 1956లో డాబ్సన్ ఓజోనుకి కూడా ఇదే దారి అన్నాడు. ఇద్దరి పేరూ కలిపి దాన్ని బ్రూవర్–డాబ్సన్ ప్రసరణ అంటారు.

చదివానే గానీ, ఇది నా బుర్రకి పూర్తిగా ఎక్కింది మాత్రం పాయసం గిన్నె ముందు.

సెలవులు అయిపోయేలోగా బుజ్జిని తీసుకుని ఉద్దానం వెళ్లాను. పలాస దగ్గర పల్లెలో మా అప్ప ఉంటుంది. జీడితోట ఉంది, కొబ్బరి ఉంది. అప్ప మాట ఇప్పటికీ ఉద్దానం మాటే. వెళ్లిన రోజు పాయసం చేసింది. బుజ్జి గరిటెతో అడుగుదాకా దేవి, “పెద్దమ్మమ్మా, జీడిపప్పేదీ?” అంది.

అప్ప నవ్వింది. “పండించినోలింట పప్పెక్కడుంటాదే పిల్లా! పిక్కలు కొట్టోడికెల్లిపోతాయి, పప్పు పట్నమెల్లిపోతాది. మనకి సేతులకి జీడి మరక మిగుల్తాది” అంది.

ఇదిగో, ఇదే. మన మీదుండే ఆకాశం కూడా ఉద్దానమే! ఓజోను ఎక్కువగా తయారయ్యేది ఇక్కడే. తయారైంది తయారైనట్టే పైగాలి ఎత్తుకుని ధ్రువాలవైపు పట్టుకుపోతుంది. దాని చోటులోకి కిందనుంచి ఓజోను లేని గాలి వస్తుంది. అందుకని మన గిన్నెలో ఎప్పుడూ పప్పు తక్కువే.

“అయితే అక్కడికెళ్లి ఎందుకు నిలవుంటుంది?” అంది బుజ్జి. దీనికి మాత్రం నేను తడుముకోలేదు. మన ఆవకాయ లెక్కే. ముక్కలు ఒరుగు చెయ్యాలంటే ఎండ కావాలి. జాడీ నిలవుండాలంటే చీకటి అటక కావాలి. జాడీని ఎండలో వదిలేస్తే ఏమవుతుంది? ఓజోనుని పుట్టించే సూర్యుడే దాన్ని విరగ్గొడతాడు కూడా. ధ్రువాలవైపు చేరి, కిందికి దిగి, ఎండ ఆట్టే తగలని చోట సర్దుకున్నదే నెలల తరబడి నిలవుంటుంది. చలికాలమంతా అలా చేరిందే వసంతానికి నాలుగు అప్పడాల మందమవుతుంది.

మరి తీసుకుపోయేది ఎవరు? అలలు. నీటి అలలు కావు, గాలి అలలు. కళింగపట్నం బీచిలో మీరెప్పుడైనా నిలబడ్డారా? అల ఎక్కడో నడిసముద్రంలో పుడుతుంది. దాని బలమంతా ఒడ్డున విరిగినచోట చూపిస్తుంది, కాలికింది ఇసకని లాక్కుపోతుంది. అలాగే చలికాలంలో గాలులు హిమాలయాల్లాంటి కొండల్నీ, సముద్రం నేలా కలిసేచోట్లనీ ఒరుసుకున్నప్పుడు, వేలమైళ్ల పొడుగు అలలు పుట్టి పైకి పోయి, అక్కడ విరుగుతాయి. ఆ విరిగిన ఊపే గాలిని మన దగ్గర పైకి లాగి, ధ్రువాల దగ్గర కిందికి తోస్తుంది. ఎంత జోరుగా అనుకున్నారు? మనమీద ఆ గాలి ఎక్కేది సెకనుకి మిల్లీమీటరులో మూడోవంతు! నత్త నయం. రోజంతా ఎక్కితే పాతిక ముప్పై మీటర్లు. ధ్రువం చేరి దిగేసరికి కొన్నేళ్లు.

అప్ప ఇంటి వెనక ఇంకా కొబ్బరి మొదళ్లున్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను విరిచినవి. ఆ గాలి సంగతి ఉద్దానంలో పసిపిల్లని అడిగినా చెబుతుంది. ఒక్క రాత్రిలో ఒక తరం చెట్లు పోయాయి. ఆ మొదళ్ల పక్కనే నిలబడి, ఈ రెండో గాలి గురించి ఆలోచించాను. చప్పుడు లేదు, తోస్తున్నట్టు తెలియదు, పేరుపెట్టి రేడియోలో చెప్పరు. కానీ ప్రపంచానికంతకీ వడ్డన చేసేది అదే.

వడ్డన అన్నాను గానీ, ఆ గాలికి మంచీ చెడూ తెలియదు. ఏది గరిటెకి వస్తే అది వడ్డిస్తుంది. ఇక్కడే నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1994లో మేం శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా మొదటి ఫ్రిజ్ చల్లబడ్డం మానేసింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు వెనకనున్న రాగి గొట్టం కత్తిరించాడు. బుస్సుమని గ్యాసంతా వంటింట్లోకి వచ్చింది. వాసనా లేదు, రంగూ లేదు. పిల్లలు పాము పాము అని చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. కుర్రాడిది తప్పనడానికి లేదు, ఆ రోజుల్లో అందరూ చేసే పద్ధతి అదే. కిటికీ తీశాను, పోయింది.

ఎక్కడికి పోయింది? ముప్పై ఏళ్ల తర్వాత ఇప్పుడు తెలిసింది. పాత ఫ్రిజ్జుల్లో ఉండే ఆ వాయువులు క్లోరోఫ్లోరోకార్బన్లు. మా ఫ్రిజ్ లోదానికి గాలిలో ఆయుర్దాయం దాదాపు నూరేళ్లు. శతమానం భవతి అని ఎవరు దీవించారో! ఆ వాయువుని భూమ్మీద ఎవరు ఎక్కడ వదిలినా, పై ఆకాశంలోకి ఎక్కే పెద్ద గుమ్మం మన ఉష్ణదేశాల మీదే. మన మీదుగా ఎక్కి, బాగా పైన అతినీలలోహిత కిరణాలకి విరిగి క్లోరిన్ వదిలి, అదే వడ్డన గాలిమీద ధ్రువాలకి పోతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోనుల్ని చెడగొడుతుంది. మా వంటింట్లో బుస్సుమన్నది, ఒక్క ఫ్రిజ్ కూడా లేని మంచుగడ్డ మీద వాతపెట్టిందన్నమాట. ఇప్పటికీ అందులో ముప్పాతిక వంతు ఎక్కడో తిరుగుతూనే ఉండాలి.

దక్షిణ ధ్రువం దగ్గర ఓజోను ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విపరీతంగా పలచబడుతోందని 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు చెప్పారు. అక్కడే ఎందుకయ్యా అంటే, అదీ గాలి పనే. దక్షిణాన చలికాలంలో ధ్రువం చుట్టూ గాలి గిరగిరా తిరుగుతూ గోడ కడుతుంది. లోపలిగాలి బయటికి రాదు, ఓజోను ఉన్న బయటిగాలి లోపలికి పోదు. లోపల చలి ముదిరి మబ్బులు కడతాయి. ఆ మబ్బులమీద క్లోరిన్ నిద్రలేస్తుంది. వసంతపు ఎండ తగలగానే పని మొదలెడుతుంది. ఉత్తరాన కొండలూ నేలా ఎక్కువ కనక అలలు బలమైనవి. అవి గోడని కుదిపి కుదిపి పగలగొడుతుంటాయి. అంచేత అక్కడ నష్టం చాలా ఏళ్లు తక్కువే.

ఏళ్లు అన్నాను చూశారా, అదే అసలు చిక్కు. గాలి ఏ రెండేళ్లూ ఒకలా ఉండదు. 2002 సెప్టెంబరులో దక్షిణాన అలలు విరుచుకుపడి ఆ చిల్లు రెండు ముక్కలైంది. 2019లోనూ పైగాలి వేడెక్కి, చిల్లు చాలా చిన్నదైంది. హమ్మయ్య, మానిపోయింది అనుకునేలోగా 2020లో దక్షిణాన మళ్లీ పెద్ద చిల్లే పడింది. అదే ఏడు వసంతంలో ఉత్తర ధ్రువం మీద కూడా, ఎప్పుడూ లేనంతగా, ఓజోను పలచబడింది. మనుషులు ఒక ఏడు మంచివాళ్లయి మరుసటి ఏడు చెడ్డవాళ్లవలేదు. అలలు ఒక ఏడు బలంగా, ఒక ఏడు నీరసంగా వచ్చాయి, అంతే.

ఇది మనకి తెలియనిదా? బియ్యం బస్తా ఒక నెల పది రోజులు ఎక్కువ వస్తుంది. ‘అబ్బ, ఎంత పొదుపు చేశాను!’ అని మురిసిపోతాం. తీరా చూస్తే ఆ నెల చుట్టాలు రాలేదు. ఇంకో నెల ముందే నిండుకుంటుంది. దుబారా చేశానేమో అని కుమిలిపోతాం. ఆ నెల ఆడపడుచు పిల్లలతో వచ్చి పదిహేను రోజులుంది. ఇల్లు నడిపేది నిజంగా బాగుపడిందో లేదో తెలియాలంటే చుట్టాల రాకపోకలు తీసేసి లెక్క చూసుకోవాలి. శాస్త్రజ్ఞులూ అదే చేస్తున్నారు. గాలి చేసింది గాలి ఖాతాలో రాసి, మన ఖాతాలో ఏం మిగిలిందో చూస్తున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలు పరిచిన రాడారు పైగాలుల నడకని కనిపెడుతుంది. అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రంనుంచి ఓజోనుని కొలుస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసుకున్న పద్దులే ఇందులో ఆధారం.

ఆ పద్దుల ప్రకారం మన ఖాతా బాగానే ఉందిట! 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2008లో, ఉబ్బసం మందులకి తప్ప, ఆ వాయువుల తయారీ మానేసింది. పైన క్లోరిన్ నెమ్మదిగా తగ్గుతోంది. ఒప్పందం నిలబెట్టుకుంటే, ప్రపంచంలో చాలాచోట్ల 2040 ప్రాంతానికి, దక్షిణ ధ్రువం మీద 2066 ప్రాంతానికి, ఓజోను 1980 నాటి స్థితికి వస్తుందని 2022 నాటి అంచనా.

ఆ రాత్రి అప్ప వాకిట్లో చాపలేసుకుని పడుకున్నప్పుడు ఇదంతా చెప్పాను, ఫ్రిజ్ సంగతితో సహా. బుజ్జి వేళ్లు లెక్కపెట్టుకుని, “2066కి నాకు యాభై దాటుతాయి అమ్మమ్మా. నువ్వు...” అని ఆగిపోయింది.

నేను ఉండను. ఒక్క నిమిషంలో కిటికీ తీసి వదిలేసింది, మానడం చూడ్డానికి నేను ఉండను. నాకేం మాట తోచలేదు. అప్పే అంది చీకట్లో: “నువ్వు సూస్తావు గదే గుంటా, సాల్లే. కొబ్బరి మొక్కేసినోలందరూ కాయ తిన్నారేటి?” నిజమే, తిత్లీ మర్నాటినుంచే మొక్కలు వేసుకున్న మనిషి ఆవిడ. ఆవిడ అంటే చెల్లుతుంది.

మర్నాడు భోజనాల దగ్గర బుజ్జి పట్టుబట్టి అప్పని ముందు కూర్చోబెట్టింది. గరిటె తనే పట్టుకుంది. అప్పకి సిగ్గేసి రెండు ముద్దలు తిని లేవబోయింది. లేవనిస్తేనా!

ఇల్లు చేరాక మా ఫ్రిజ్ మళ్లీ మొరాయించింది. వచ్చిన కుర్రాణ్ణి లోపలికి రానివ్వకుండానే, “ఇందులో ఏ గ్యాసు బాబూ?” అని అడిగాను. ఆర్ 600ఏ అన్నాడు. ఓజోను జోలికి పోని రకమే. సరే రా అన్నాను. నావంక అదోలా చూస్తూ వచ్చాడు. గుమ్మం దాటి ఎండలోకి వెళ్లేటప్పుడు ఇదివరకటిలా కొంగు కప్పుకుని ఊరుకోవడం లేదు, గొడుగు తీసుకుంటున్నాను. చిల్లు మనమీద లేకపోయినా, పుట్టుకతోనే మనకి వచ్చినవి రెండున్నర అప్పడాలే, నడినెత్తిన సూర్యుడూనూ!

బుజ్జి జూన్‌లో హైదరాబాదు వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నంలోకి మావారు, “అన్ని వడియాలు పెట్టావు కదా, నాలుగు వేయించకూడదూ?” అన్నారు. డబ్బా తీసి చూపించాను. అడుగున గుప్పెడు నూక ఉంది. మిగతావన్నీ రైలెక్కాయి.

“వండినింట్లో మిగలవండీ. సైన్సులోనే ఉంది” అన్నాను.